కావడి మావయ్య ఓడ ఎక్కలేదు

మా బావ పోయిన సంక్రాంతికి ఒక మంచి పని మొదలుపెట్టాడు. మా అమ్మ పుట్టింటివాళ్ళ కథంతా ఒకచోట చేర్చి చిన్న పుస్తకంగా వేయిద్దాం, మన పిల్లలకైనా తెలుస్తుంది అన్నాడు. బర్మాలోని రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి చెప్పుకోవడానికి చాలానే ఉంది. మొదటి భాగం రాసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ చప్పట్లు, దండాలు, పూలగుత్తులు పంపించారు. నేనూ చదివాను. చక్కగా రాశాడు, అక్కడక్కడా కళ్ళు చెమర్చాయి కూడా. కానీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "అదృష్టం కొద్దీ మనవాళ్ళు ఓడెక్కి, సముద్రపు ఒడ్డున క్షేమంగా దిగారు" అని రాశాడు.

ఆ "అదృష్టం" అన్న మాట మీద బావకీ నాకూ రెండు నెలలు వాదన నడిచింది. గ్రూపులో మొదలై, పెద్దవాళ్ళు నొచ్చుకుంటున్నారని ఫోన్లలోకి మారింది. ఇది మా ఒక్క ఇంటి గొడవైతే ఇక్కడ రాసేదాన్ని కాదు. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా "మా తాతలు రంగంలో (అంటే రంగూన్‌లో) ఉండేవాళ్ళు" అని చెప్పుకునే ఇళ్ళు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళన్నిట్లోనూ ఈ ఓడ కథ ఏదో ఒక రూపంలో ఉంటుంది.

ముందు అమ్మకి గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతాను.

అమ్మ 1934లో రంగూన్‌లో పుట్టింది. పజుందాంగ్ వాగు పక్కన వరసగా బియ్యం మిల్లులుండేవి, వాటిలో ఒకదాంట్లో తాతయ్య గుమాస్తా. ఇల్లు మిల్లుకి దగ్గర్లోనే. ఎప్పుడూ ఊక వాసన, పక్కింటి బర్మా ఆవిడ బుగ్గలకి రాసుకునే తనకా గంధం వాసన, ఎదురింట్లో నప్పి వండితే ఆ పులియబెట్టిన చేపల ముద్ద వాసన, ఇవి ఇప్పటికీ చెబుతుంది. మిల్లు వెనక కూలీల బారకాసులుండేవి. అక్కడి నుంచి రోజూ పొద్దున్నే ఒకతను కావడికి రెండు కిరసనాయిలు డబ్బాలు కట్టుకుని, వాటినిండా నీళ్ళు తెచ్చి ఇంట్లో పోసేవాడు. అమ్మా, పెద్దమావయ్యా ఆయన్ని "కావడి మావయ్య" అనేవాళ్ళు. ఆయన మన పక్క మనిషే, మాట యాసని బట్టి టెక్కలి వైపువాడని అమ్మమ్మ అనేదట. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని, ఆ అప్పు తీర్చడానికి రంగం వచ్చినవాడు. అలా వచ్చినవాళ్ళే వేలమంది అక్కడ రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, వీధులు ఊడ్చారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనవాళ్ళని "కోరంగీలు" అని పిలిచేవాళ్ళు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలు, వాళ్ళలో తెలుగువాళ్ళు లక్షన్నరకి పైనే. రంగూన్ ఊళ్ళో అయితే సగానికి మించి మనవాళ్ళే.

1941 డిసెంబర్ 23న పొద్దున జపాన్ విమానాలొచ్చాయి. రంగూన్ మీద అదే మొదటిసారి. జనం దాక్కోలేదు, వీధుల్లోకొచ్చి తలలెత్తి చూశారు. చరిత్ర పుస్తకాల్లోనూ ఇదే ఉంది, అంతమంది చచ్చిపోవడానికి అదొక కారణమని. అమ్మ కూడా చూసింది, కావడి మావయ్య భుజం మీద కూర్చుని. "అవిగో ఇమానాలు, సూడు పాపా" అన్నాడట. రేవు వైపు మొదటి బాంబు పడగానే అమ్మని కిందికి లాగి, అరుగు కింద బస్తాల సందులోకి తోసి, అడ్డంగా పడుకున్నాడు. బాంబుల సంగతి అమ్మ పెద్దగా చెప్పదు. కావడి డబ్బా ఒకటి దొర్లిపోయి, ఆ నీళ్ళు మట్టిలో పాయలు పాయలుగా తన కాళ్ళ దాకా రావడం మాత్రం ఎప్పుడు చెప్పినా చేత్తో గీసి చూపిస్తుంది. రెండ్రోజులకి, క్రిస్మస్ నాడు మళ్ళీ బాంబులు పడ్డాయి. ఆ రెండు దాడుల్లోనూ ఎక్కువగా పోయింది రేవు కూలీలూ, వీధుల్లో బతికేవాళ్ళూ, అంటే ఎక్కువమంది భారతీయులే.

జనవరిలో అమ్మమ్మ ఇద్దరు పిల్లల్ని తీసుకుని స్టీమరు ఎక్కింది. తాతయ్య మిల్లు లెక్కలు అప్పజెప్పి వస్తానని ఉండిపోయాడు. రేవు దాకా సామాను మోసింది కావడి మావయ్యే. తామరపువ్వు బొమ్మ వేసిన ఆకుపచ్చ రేకుపెట్టె నెత్తిన, అమ్మ భుజాన. గేటు దగ్గర ఆయన్ని ఆపేశారు. ఆయన అమ్మని దింపి, పెట్టె ఇంకో కూలీకి అందించి, ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో అమ్మకి గుర్తులేదు. వెనకాలే వస్తాడనుకుంది. డెక్కు మీద అందరూ దుప్పట్లు పరుచుకుని చోటు పట్టుకుంటుంటే, ఏడేళ్ళ పిల్ల తన చిన్న తువ్వాలు పక్కన పరిచి "ఇది కావడి మావయ్యకి" అని ఎవర్నీ కూర్చోనివ్వలేదట. విశాఖపట్నం రేవు వచ్చేదాకా, నాలుగు రోజులూ, ఆ తువ్వాలు అలాగే ఉంది.

బావ ఇది రాయలేదు. ఓడలో జనం, ఎగిరే చేపలు, అమ్మమ్మ వాంతులు, హార్బర్‌లోకి వస్తుంటే కనిపించిన డాల్ఫిన్స్ నోస్ కొండ, అన్నీ రాశాడు. తువ్వాలు లేదు. ఎందుకు వదిలేశావంటే "అదేముంది, చిన్నపిల్ల చేష్ట" అన్నాడు.

చిన్నపిల్ల చేష్టే. కానీ ఆ ఓడలో ఎవరికి చోటు లేదో ఆ ఒక్క చేష్టలో ఉంది. అప్పటి బర్మా ప్రభుత్వానికి రేవు నడవాలి, మిల్లులు నడవాలి, రోడ్లు శుభ్రంగా ఉండాలి. బాంబులకి భయపడి ఊరొదిలి ఉత్తరానికి ప్రోం రోడ్డు పట్టిన వేలమంది కూలీల్ని నచ్చజెప్పి వెనక్కి తెప్పించారు. పనిచేయగల మగవాళ్ళకి డెక్కు టికెట్లు ఇవ్వకూడదని ఆంక్ష పెట్టారు. డెక్కు టికెట్ అంటే అన్నిటికంటే చవక టికెట్, కూలివాడు కొనగలిగింది అదొక్కటే. కావడి మావయ్యని గేటు దగ్గర ఆపిందెవరో అమ్మకి తెలియదు. ఎందుకు ఆపారో మాత్రం నాకు తెలుసు. దాన్ని అదృష్టం, దురదృష్టం అనే లెక్కలో వేయడానికి నాకు మనసొప్పదు. ఎవరు ఎక్కాలో, ఎవరు మిగలాలో ఆఫీసుల్లో కూర్చుని నిర్ణయించారు.

మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చింది. ఆ ఏడాది మొత్తం మీద బర్మా విడిచి వచ్చిన భారతీయులు సుమారు 5 లక్షలని చరిత్రకారుల అంచనా. సముద్రం మీద వచ్చింది 70 వేలు. మిగతావాళ్ళలో దాదాపు అందరూ నడిచారు. తౌంగుప్ కనుమ దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి కొందరు, తాము అనే ఊరి మీదుగా ఇంఫాల్, దిమాపూర్‌లకి ఇంకొందరు, అన్నిటికంటే ఘోరమైన హుకాంగ్ లోయలోంచి అస్సాంలోని లెడోకి చివర మిగిలినవాళ్ళు. కలరా, మలేరియా, ఆకలి, మే నెల నుంచి వాన, జలగలు. తెల్లవాళ్ళకో దారి, మనవాళ్ళకో దారి పెట్టారని అప్పట్లోనే గాంధీ, కాంగ్రెస్ నిలదీశారు. దారిలో పోయినవాళ్ళు 10 వేలని కొందరు, 50 వేలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు రాశారు. అంకెల మధ్య అంత దూరం ఉందంటేనే తెలుస్తోంది, ఎవరూ లెక్కపెట్టలేదని.

అమ్మ వాళ్ళు వచ్చింది భీమిలికి, తాతయ్య వాళ్ళమ్మ ఇంటికి. అక్కడి మూడు నెలలూ అమ్మ బాల్యంలో అన్నిటికంటే సంతోషంగా గడిచిన రోజులు. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ కాస్త సంకోచిస్తుంది, యుద్ధం జరుగుతుంటే అంత సంతోషమేమిటని ఎవరైనా అంటారేమోనని. తప్పేం లేదమ్మా అంటాను నేను. పొద్దున్నే జాలర్లు తెప్పలు ఒడ్డుకి లాగుతుంటే వాళ్ళ పిల్లలతో కలిసి తాడు పట్టుకునేది. తడి ఇసకలో ఎర్ర పీతల వెంటపడేది. పాత డచ్చివాళ్ళ సమాధుల మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్ళు. గోస్తని కలిసే చోట నీళ్ళు నోట్లో పోసుకుని, ఇక్కడిదాకా తీపి, ఇక్కడి నుంచి ఉప్పు అని పందాలు. ఊళ్ళో పిల్లలు "రంగం పిల్ల" అనేవాళ్ళు, బర్మా మాటల్లో ఒకటి నుంచి పది దాకా చెప్పించుకుని నవ్వేవాళ్ళు. దూరంగా ఏ ఓడ కనిపించినా ఒడ్డుకి పరిగెత్తేది. నాన్న వస్తాడని, నాన్నతో పాటు కావడి మావయ్య వస్తాడని.

1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకుముందు రోజే కొలంబో మీద బాంబులు పడ్డాయి. ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలో సరుకు ఓడలు వరసగా మునిగిపోయాయి. భీమిలి విశాఖకి పాతిక కిలోమీటర్లు. అమ్మకి ఉరుములాంటి చప్పుడు వినిపించింది. ఊరి పిల్లలు చూడ్డానికి ఒడ్డుకి పరిగెడితే, అమ్మ మంచం కింద దూరి "పైకి చూడకండి, పైకి చూడకండి" అని అరిచిందట. ఆ ఇంట్లో బాంబు అంటే ఏమిటో తెలిసింది అమ్మకీ, మావయ్యకీ, అమ్మమ్మకీ మాత్రమే.

ఇక్కడో విషయం ఒప్పుకోవాలి. ఆ రోజు భీమిలి పైన ఎర్ర గుండ్రాలున్న విమానాల్ని కళ్ళారా చూశానంటుంది అమ్మ. మంచం కింద ఉన్న పిల్ల ఎలా చూసింది? పెద్దమావయ్య బతికున్నప్పుడు ఇది పట్టుకుని ఏడిపించేవాడు. రంగూన్‌లో చూసిన విమానాలు భీమిలి ఆకాశంలోకి వచ్చేశాయి, అంతే. బావ నాతో వాదించేటప్పుడు దీన్నే ముందుకు తెచ్చాడు. విమానాలే తప్పు చెబితే తువ్వాలు మాత్రం నిజమని ఎలా నమ్మాలి అని. నేను నమ్ముతాను. భయం రెండు ఊళ్ళని కలిపేస్తుంది, అది ఎవరికైనా జరిగేదే. కానీ రాని మనిషి కోసం చోటు పట్టుకోవడం ఏ పత్రికలోనూ చదివి నేర్చుకునేది కాదు, ఎవరి నోటా విని తనదనుకునేదీ కాదు. అమ్మమ్మ కూడా, పోయేముందు దాకా, "ఆ తువ్వాలు తీయమంటే ఎంత ఏడ్చిందో" అని చెప్పేది.

మర్నాటికే ఎడ్లబళ్ళు కట్టారు. విశాఖ సగం ఖాళీ అయింది, విజయనగరం దారంతా బళ్ళూ, మూటలూ. మద్రాసులో జనం ఊరొదిలి పారిపోయారు, జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. యుద్ధం నడుస్తుండగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు నుంచి గుంటూరుకి మారింది. సముద్రం ఒడ్డున క్షేమంగా ఉంటామని వచ్చినవాళ్ళు ఇప్పుడు సముద్రం నుంచే పారిపోయారు. ఇంగ్లండ్‌లోనూ సరిగ్గా ఇలాగే జరిగింది. 1939 సెప్టెంబర్‌లో లండన్ పిల్లల్ని వేలాదిగా దక్షిణాన, తూర్పున సముద్రతీరపు ఊళ్ళకి పంపారు, 1940లో ఫ్రాన్స్ ఓడిపోగానే ఆ తీరమే యుద్ధానికి ఎదురుపడింది, అదే పిల్లల్ని మళ్ళీ రైళ్ళెక్కించి వేరేచోటికి తరలించారు. ఆ పిల్లల జ్ఞాపకాల్ని వాళ్ళు పోగుచేసుకున్నారు. 2003 నుంచి 2006 దాకా బీబీసీ ఒక్కటే మామూలు జనం చెప్పిన 47 వేల యుద్ధకాలపు కథలు సేకరించింది. మెడలో వేలాడదీసిన పేరు చీటీ, అమ్మ కట్టిచ్చిన రొట్టె, సముద్రాన్ని మొదటిసారి చూడటం, వాళ్ళకి అవన్నీ చరిత్రే. మనం మాత్రం ఆ పనిని భోజనాలయ్యాక చెప్పుకునే కబుర్లకి వదిలేశాం. కబుర్లలో నవ్వొచ్చేవి మిగులుతాయి, కష్టమైనవి రాలిపోతాయి.

తాతయ్య ఆగస్టులో వచ్చాడు. కలకత్తా నుంచి రైల్లో వాల్తేరు స్టేషన్‌లో దిగితే అమ్మమ్మ గుర్తుపట్టలేదు. మాండలే, మిచినా, అక్కడి నుంచి హుకాంగ్ లోయ, లెడో. అస్సాం టీ తోటలవాళ్ళు పెట్టిన క్యాంపులో నెలరోజులు జ్వరంతో పడి ఉన్నాడు. దారి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికీ చెప్పలేదు. ఆయనలో ఒక్క వింత ఉండేది. సీతాకోకచిలుక కనిపిస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. పెరట్లో బంతిపూల మీద రెండు వాలినా సరే, పడక్కుర్చీ మడిచేసుకుని వెళ్ళిపోయేవాడు. మేము చిన్నప్పుడు కావాలని పట్టుకొచ్చి చూపించి నవ్వేవాళ్ళం. నాకు నలభై దాటాక, ఆ లోయలోంచి నడిచి వచ్చినవాళ్ళు రాసింది చదివాను. వానలో దారి పక్కన పడి ఉన్న శవాల మీద రంగురంగుల సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా వాలి ఉండేవట. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మేము నవ్విన నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

బావ అడిగింది న్యాయమైన ప్రశ్నే. "తాతయ్యా నడిచాడు కదా, మనం కూడా పడ్డాం కదా, ఇంకా మనల్ని మనం ఎందుకు తప్పుపట్టుకోవాలి?" నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు. అమ్మ ఏడేళ్ళ పిల్ల. అమ్మమ్మ ఇద్దరు పిల్లల్ని పొదివి పట్టుకున్న ఆడమనిషి. నేను చెప్పేది ఇంతే: తాతయ్య లెడో చేరాక కలకత్తాకి టెలిగ్రాం ఇవ్వగలిగాడు, చదువుకున్నాడు కాబట్టి. ఆయన పోయి ఉంటే ఆ సంగతి ఎప్పటికైనా ఎవరో ఒకరు ఉత్తరం ముక్క రాసేవారు. మేస్త్రీ పుస్తకంలో అప్పు పద్దుగా తప్ప ఎక్కడా పేరు లేని మనిషి పోతే? టెక్కలి, సోంపేట, పలాస పక్క ఊళ్ళలో రంగం నుంచి మనీయార్డర్లు ఆగిపోయాయి. అదొక్కటే కబురు. బొట్టు తీయాలో ఉంచుకోవాలో తెలియక ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆడవాళ్ళు ఆ ఊళ్ళలో ఉన్నారు. ఓడెక్కి వచ్చిన పిల్లలు ముసలివాళ్ళై ఎగిరే చేపల కథలు చెప్పారు. నడిచిన కుటుంబాల్లో ఎందరో పిల్లలు ఆ దారిలోనే పోయారు. అందుకని, మనకి మిగిలిన రంగం జ్ఞాపకాలు ఎక్కువగా సముద్రం మీదుగా వచ్చినవి. వాటిని మొత్తం కథ అనుకుంటే, గేటు దగ్గర ఆపేసిన మనిషిని మనం కూడా ఇంకోసారి ఆపేసినట్టు అవుతుంది.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియం ఉంది, అందులో ఆనాడు పేలని జపాన్ బాంబు పెట్టారు. జాలారిపేట దగ్గర ఇసకలో యుద్ధకాలపు కాంక్రీటు బంకరు ఇంకా ఉంది, పిల్లలెక్కి ఫొటోలు దిగుతారు. 1971 యుద్ధానికి గుర్తుగా స్తూపం ఉంది. అది ఉండాలి, నాకు ఆ డిసెంబర్ బాగా గుర్తు, కిటికీలకి నల్ల కాగితాలు అంటించి, దీపాలార్పేసి, సైరన్ మోగితే అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసేది. అదే అమ్మ, అదే మంచం కింద. అన్నీ ఉన్నాయి. బర్మా దారుల్లో పోయిన తెలుగువాళ్ళ కోసం ఆ బీచ్ రోడ్డు మీద ఒక రాయి కూడా లేదు. వాళ్ళు బయల్దేరింది ఈ రేవుల నుంచే కదా: బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ.

అమ్మ మాత్రం వెతికింది. 1964 తర్వాత, అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక, బర్మా నుంచి మళ్ళీ ఓడల్లో వేలమంది వచ్చారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది. అమ్మ నన్ను చంకనేసుకుని అక్కడికి వెళ్ళేదట, పాత చీరలు, బియ్యం పట్టుకుని. ముసలివాళ్ళు కనిపిస్తే "పజుందాంగ్ మిల్లుల దగ్గర కావడి మోసే అతను, టెక్కలి వైపు మనిషి, తెలుసా" అని అడిగేది. వాళ్ళు పాపం ఆలోచించి, "పేరేంటమ్మా?" అనేవాళ్ళు.

రేకుపెట్టె మీద తామరపువ్వుకి ఎన్ని రేకులో అమ్మకి తెలుసు. రంగూన్‌లో వదిలేసి వచ్చిన చిలక పేరు తెలుసు. ఆయన పేరు మాత్రం తెలియదు. ఎప్పుడూ అడగలేదు, ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పోయిన నెల నేను మళ్ళీ అడిగితే చాలాసేపు చూరుకేసి చూసి, "ఎడమ చెవికి పోగు ఉండేదే. భుజం మీద కావడిబద్ద రాసుకుని కాయ కాసింది, నేను కూర్చుంటే మెత్తగా ఉంటుందని దానిమీద తుండుగుడ్డ మడత పెట్టేవాడు" అంది. ఆ తుండుగుడ్డ సంగతి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

అదే రాత్రి బావకి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, పుస్తకం చివర్లో ఇంటివాళ్ళ పేర్లూ, పుట్టిన ఏళ్ళూ పట్టికలాగా వేస్తున్నాను కదా, అందులో వేద్దామన్నాడు. అమ్మమ్మ, తాతయ్యల కిందే. "అదృష్టం" తీసేశానని కూడా చెప్పాడు. మర్నాడు పొద్దున మళ్ళీ ఫోన్ చేశాడు.

"కావడి మావయ్య అని వేశాను. పక్కన వయసు గడి ఉంది. ఎంతని వేయను? అత్తయ్యని అడుగు."

ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టాను.

"మా అన్నయ్య కంటే పెద్ద, మా నాన్న కంటే చిన్న," అంది అమ్మ. "అలాగే రాయి, నాయనా."